ఎండీసీ షిఫ్ట్ తర్వాత తలనొప్పి, ఆక్సిమీటర్‌లో మాత్రం 98. ఏంటిది?

బీ_షిఫ్ట్_కెమిస్ట్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ ఆర్గానిక్ అయ్యాక పాశమైలారం వైపు ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో ప్రొడక్షన్‌లో చేరాను. కంపెనీ పేరు అడగొద్దు ప్లీజ్. మా బ్లాక్‌లో పొద్దున లేస్తే ఎండీసీనే. కాలేజీలో డైక్లోరోమీథేన్ అని చదివాం కదా, అదే సాల్వెంట్ (కరిగించే ద్రవం). డ్రమ్ములోంచి వ్యాక్యూమ్ పెట్టి రియాక్టర్‌లోకి లాగుతాం, ఎక్స్‌ట్రాక్షన్ అయ్యాక సైట్ గ్లాస్‌లో చూసుకుంటూ కింది లేయర్ కట్ చేసి డ్రమ్ముల్లోకి దింపుతాం. ఆ దింపేటప్పుడు మూత తెరిచే ఉంటుంది, గొట్టం ఊరికే లోపలికి వేలాడుతుంటుంది.

సమస్య ఏంటంటే రెండో ఎక్స్‌ట్రాక్షన్‌కి వచ్చేసరికి తల దిమ్ముగా, కొంచెం మత్తుగా ఉంటుంది. అది సరే అనుకుందాం. కానీ అసలు తలనొప్పి రూమ్‌కి వెళ్ళాక మొదలవుతోంది, షిఫ్ట్‌లో ఉన్నప్పటికంటే ఇంటికెళ్ళాకే ఎక్కువ. రూమ్మేట్ దగ్గర కరోనా టైమ్‌లో కొన్న పల్స్ ఆక్సిమీటర్ ఉంటే వేలికి పెట్టి చూశా, 98 చూపించింది. అంటే ఊపిరికి సంబంధించింది కాదన్నమాటే కదా?

సీనియర్లను అడిగితే "ఎండీసీ అంటుకోదు, మెథనాల్, టోలీన్ కంటే ఇదే సేఫ్" అంటున్నారు. ఒకాయన చేతికి ప్రొడక్ట్ రంగు అంటితే దీంతోనే కడుక్కుంటాడు. నాకు హాఫ్ మాస్క్ ఇచ్చారు, బ్రౌన్ పట్టీ ఉన్న కార్ట్రిడ్జ్, చేరినప్పుడు ఇచ్చిందే ఇంకా నడుస్తోంది. గ్లవ్స్ నీలం రంగు నైట్రైల్‌వి. మొదట్లో తియ్యటి వాసన వచ్చేది, ఇప్పుడు గంట గడిస్తే వాసనే తెలియట్లేదు. అలవాటైపోయిందనుకోవాలా, భయపడాలా? ఇంట్లో చెప్తే టెన్షన్ పడి జాబ్ మానేయమంటారు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

పరవాడ_ప్రాసెస్

తమ్ముడూ, మీ సీనియర్ చెప్పినదాంట్లో సగమే నిజం, ఆ సగమే మనుషుల్ని పడగొడుతుంది. దీనికి మామూలు టెస్టులో ఫ్లాష్ పాయింట్ రాదు, నిజమే. కానీ గాలిలో సుమారు 13 నుంచి 22 శాతం మధ్య ఆవిరి చేరి, గట్టి నిప్పు దొరికితే అదీ మండుతుంది. దాంట్లో కాస్త మెథనాలో అసిటోనో కలిసిందంటే ఇక "అంటుకోదు" అన్న మాట మర్చిపో. మండినా, ఎర్రగా కాలిన ఇనుము మీద పడ్డా హైడ్రోజన్ క్లోరైడ్, దాంతోపాటు కొంత ఫాస్జీన్ పుడతాయి. ఎండీసీ ఖాళీ డ్రమ్ములు స్క్రాప్ వాడికి ఇచ్చేస్తారు, వాడు గ్యాస్ కట్టర్‌తో కోస్తాడు. ఆ డ్రమ్ముని ఆవిరి పట్టి కడగకుండా బయటికి పంపితే ఆ పాపం మనదే.

అసలు కథ మాత్రం నిప్పు కాదు, ఆవిరి. ఇది 39.6 డిగ్రీలకే మరుగుతుంది, నీళ్ళతో కలిసి ఉంటే ఇంకో డిగ్రీన్నర ముందే. అంటే మే నెలలో షెడ్డు బయట ఎండలో పెట్టిన డ్రమ్ములో ఉన్నది మరిగే ద్రవం. బిరడా ఒక్కసారిగా తిప్పితే బుస్సుమని మొహం మీదికి కొడుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, లేదా డ్రమ్ముల మీద నీళ్ళు పోసి చల్లారాక, పావు తిప్పు తిప్పి ప్రెషర్ పూర్తిగా పోయేదాకా ఆగి అప్పుడు తీయాలి. 20 డిగ్రీల దగ్గర కూడా దీని ఆవిరి పీడనం వాతావరణ పీడనంలో దాదాపు సగం ఉంటుంది, కాబట్టి చలికాలంలో సమస్య లేదనుకోవద్దు.

ఒక చిన్న లెక్క చేసి చూపిస్తా, నువ్వు ఎమ్మెస్సీ కాబట్టి నువ్వూ చేసి చూసుకో. టీ కొట్లో నీళ్ళిచ్చే గ్లాసు ఉంటుంది కదా, 200 మిల్లీలీటర్లు. అంత ఎండీసీ నేల మీద ఒలికిందనుకో. సాంద్రత 1.33, అంటే 266 గ్రాములు, అణుభారం 85, కాబట్టి మూడు మోల్స్ పైచిలుకు. మొత్తం ఆవిరైతే 76 లీటర్ల ఆవిరి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గదిలో దాదాపు 28,300 లీటర్ల గాలి ఉంటుంది. భాగిస్తే 2,700 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో అన్ని భాగాల ఆవిరి). ప్రాణానికి తక్షణ ప్రమాదం అని నయోష్ (పనిచోట ఆరోగ్యంపై పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్ళు పెట్టిన గీత 2,300. ఒక్క గ్లాసుకే ఆ గీత దాటిపోయింది, అదీ గదంతా సమానంగా పరుచుకుందనుకుంటే. నిజానికి పరుచుకోదు. గాలికంటే దాదాపు మూడు రెట్లు బరువు, కాబట్టి కిందికి దిగి డ్రెయిన్‌లో, పిట్‌లో, రియాక్టర్ అడుగున కూర్చుంటుంది. నువ్వు కింది వాల్వ్ దగ్గర వంగి సైట్ గ్లాస్ చూస్తావే, సరిగ్గా అక్కడ.

వాసన సంగతి. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా పెట్టిన పరిమితి ఎనిమిది గంటల సగటున 25 పీపీఎం, 15 నిమిషాలకైతే 125. ముక్కుకి వాసన తెలియడానికి సుమారు 200 పైన కావాలి. అంటే "వాసన వస్తోంది" అనేసరికి పరిమితిని ఎప్పుడో దాటేశావు. పైగా కాసేపటికి ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. నీకు జరుగుతోంది అదే. దాన్ని అలవాటు అనరు.

మాస్క్: ఆ బ్రౌన్ పట్టీ కార్ట్రిడ్జ్ మీద ఏం రాసి ఉందో చూడు. ఏ1 లేదా ఏ2 అని ఉంటే అది 65 డిగ్రీల పైన మరిగే సాల్వెంట్ల కోసం. ఎండీసీ దాని బొగ్గులో నిలవదు, కాసేపటికే అటునుంచి ఇటు వచ్చేస్తుంది. తక్కువ డిగ్రీల దగ్గర మరిగేవాటికి ఏఎక్స్ అని వేరే ఉంటుంది, అది కూడా ఒక్కసారి వాడి పారేయాల్సిందే, మర్నాటికి దాచుకునేది కాదు. రోజూ చేసే పనికి అసలైనది ఎయిర్‌లైన్ మాస్క్, బయటినుంచి గొట్టంలో మంచి గాలి వచ్చేది. నువ్వు చేరినప్పటినుంచీ అదే కార్ట్రిడ్జ్ అంటే మొహానికి బరువు తప్ప ఏం లేదు.

గ్లవ్స్ కూడా అంతే. పల్చటి నైట్రైల్‌లోంచి ఒకటి రెండు నిమిషాల్లో దాటేస్తుంది. లోపలికి వెళ్ళింది ఆవిరైపోయే దారిలేక చర్మం మీదే ఉండిపోయి మంట పుట్టిస్తుంది, కాలినట్టు. తడిసిందా, వెంటనే తీసి పారెయ్. పీవీఏ గ్లవ్స్ బాగా ఆగుతాయి, కాకపోతే అవి నీళ్ళకి కరిగిపోతాయి, మన లేయర్ సెపరేషన్‌లో నీళ్ళు లేకుండా ఎక్కడ? లామినేట్ గ్లవ్ లోపల వేసి పైన మందపాటి నైట్రైల్ వేసుకోవడం నయం.

వీటన్నిటికంటే ముందు సరిచేయాల్సింది ఆ వేలాడే గొట్టం. డ్రమ్ముకి రెండు బిరడాలు ఉంటాయి కదా, ఒకదాంట్లో ఫిల్లింగ్ లైన్ బిగించి, రెండోదాంట్లోంచి వేపర్ రిటర్న్ (ఆవిరి తిరిగి వెళ్ళే గొట్టం) వెనక్కి రిసీవర్‌కి ఇవ్వాలి. ఛార్జింగ్‌కి వ్యాక్యూమ్ కూడా తప్పు పద్ధతే, ఇంత తేలిగ్గా మరిగేదాన్ని వ్యాక్యూమ్‌లో లాగితే సగం సరుకు పంపులోంచి బయటికే పోతుంది. డయాఫ్రమ్ పంపు పెట్టమను. మేనేజ్‌మెంట్‌కి ఆరోగ్యం గురించి చెప్తే వినకపోవచ్చు, రికవరీలో ఎన్ని కిలోలు లాస్ వస్తోందో లెక్క కట్టి చూపిస్తే కుర్చీలోంచి లేస్తారు.

ఓహెచ్‌సీ_డాక్టర్

పైన చెప్పిన ఇంజనీర్‌గారు మాస్క్ సంగతి బాగా చెప్పారు. నేను ఆ 98 గురించి చెప్తాను, ఎందుకంటే అది చూసి ధైర్యం తెచ్చుకోవడం ఎక్కువ ప్రమాదం.

ఎండీసీ లోపలికి వెళ్ళాక లివర్‌లో సిప్ 2ఈ1 అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టి కార్బన్ మోనాక్సైడ్ చేస్తుంది. అవును బాబూ, మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటే మనుషుల్ని చంపే అదే గ్యాస్, ఇక్కడ మీ ఒంట్లోనే తయారవుతుంది. 1972లో అమెరికాలో బయటపడిన విషయం ఇది. ఆ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఎండీసీ కొంత కొవ్వులో కూడా దాక్కుంటుంది, షిఫ్ట్ అయిపోయాక మెల్లగా రక్తంలోకి వస్తూ ఇంకా మోనాక్సైడ్ అవుతూనే ఉంటుంది. రూమ్‌కి వెళ్ళాక తలనొప్పి మొదలవడానికి ఇది సరిపోయే కారణం. మామూలుగా పొగ పీల్చినవాడికి మంచి గాలిలో నాలుగైదు గంటల్లో రక్తంలోని మోనాక్సైడ్ సగానికి తగ్గేది, ఎండీసీ కేసులో దాదాపు రెట్టింపు సమయం తీసుకుంటుంది.

ఇక పల్స్ ఆక్సిమీటర్. అది ఎర్ర కాంతి, ఇన్‌ఫ్రారెడ్, ఈ రెండిటితోనే చూస్తుంది. మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ దానికి ఆక్సిజన్ పట్టినదానిలాగే కనిపిస్తుంది. కాబట్టి 98 అని చూపిస్తూనే ఉంటుంది, మనిషి కళ్ళు తిరిగి పడిపోతున్నా. తెలియాలంటే రక్తం తీసి కో-ఆక్సిమెట్రీలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ (మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ శాతం) చూడాలి, పెద్ద ఆసుపత్రుల్లో బ్లడ్ గ్యాస్ మెషిన్‌లోనే వస్తుంది. షిఫ్ట్ అయిన వెంటనే, ఎండీసీతో పనిచేశానని నోరు తెరిచి చెప్పి చేయించుకోండి. చెప్పకపోతే మైగ్రేన్ అని మాత్రలు రాసి పంపుతారు, డ్యూటీ డాక్టర్ని తప్పుపట్టలేం. సిగరెట్ అలవాటుంటే అదీ చెప్పండి, కాల్చేవాళ్ళకి ఈ అంకె ముందునుంచే ఎక్కువ ఉంటుంది.

గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు ఆ బ్లాక్‌లోకే రాకూడదు. బరువు పనులు చేసేవాళ్ళు ఎక్కువ గాలి పీలుస్తారు కాబట్టి కెమిస్ట్ కంటే డ్రమ్ములు దొర్లించే హెల్పర్‌కి ఎక్కువ ఎక్కుతుంది. మీ తలనొప్పి సంగతి మీరు అడిగారు, వాళ్ళెవరూ అడగరు.

క్యాన్సర్ విషయం కూడా దాచను. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ దీన్ని 2ఏలో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం బాగా ఉన్నది అని. జపాన్‌లో ఒసాకాలో ఒక ప్రింటింగ్ సంస్థలో గాలి ఆడని గదిలో పనిచేసినవాళ్ళలో పదిమందికి పైగా పిత్తనాళాల క్యాన్సర్ వచ్చింది, వయసు కూడా పెద్దది కాదు. అక్కడ ఎక్కువ అనుమానం 1,2-డైక్లోరోప్రొపేన్ మీద, ఎండీసీ కూడా వాడారు. మీకు వచ్చేస్తుందని కాదు నేను చెప్పేది. చేతులు కడుక్కునే సీనియర్‌కి ఇది చూపించండి. ఆయన చర్మంలోని నూనె అంతా కరిగిపోయి పగుళ్ళు వచ్చి ఉంటాయి, ఆ పగుళ్ళలోంచి ఇంకా తేలిగ్గా వెళ్తుంది.

పాతకాపు_జీడిమెట్ల

ఏం చదువులో ఏంటో. మేం ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాం, ఒక్కడికీ ఏం కాలేదు. ఒక బెల్లం ముక్క తిని, బయట గాలికి పది నిమిషాలు నిలబడితే సర్దుకుంటుంది. ఇలా ప్రతిదానికీ భయపడితే ఫార్మాలో ఎలా బతుకుతారు? సాఫ్ట్‌వేర్‌కి పోండి.

పరవాడ_ప్రాసెస్

అన్నా, బయట గాలికి నిలబడితే సర్దుకుంటుంది అన్నావు చూడు, అదే గాలి లోపల ఉండి ఉంటే తలే తిరిగేది కాదు కదా. బెల్లానికి మాత్రం దీంతో ఏ సంబంధం లేదు. ఏం కాలేదు అనేది మిగిలినవాళ్ళని లెక్కపెట్టి చెప్పే మాట, మధ్యలో మానేసి ఊరెళ్ళిపోయిన హెల్పర్లు ఎలా ఉన్నారో నీకూ నాకూ తెలియదు.

ఎన్‌జే_ప్రాసెస్_కెమిస్ట్

నాది గుంటూరు, ఇప్పుడు న్యూజెర్సీలో ప్రాసెస్ డెవలప్‌మెంట్‌లో ఉన్నాను. ఇక్కడి సంగతి ఒకటి చెప్తాను, ఎందుకంటే "ప్లాంట్‌లోనే ప్రమాదం" అనుకుంటారు చాలామంది. ఇక్కడ చాలామంది పోయింది ప్లాంట్లలో కాదు, ఇళ్ళ బాత్రూముల్లో. పాత బాత్‌టబ్ రంగు గీకడానికి ఎండీసీ ఉన్న పెయింట్ రిమూవర్ పోసి, టబ్‌లోకి వంగి పనిచేస్తారు. ఆవిరి ఆ టబ్‌లోనే నిలబడిపోతుంది. వెంటిలేషన్ లేదు, తలుపు మూసి ఉంటుంది. 2000 నుంచి 2011 మధ్య ఈ ఒక్క పనిలోనే 13 మంది పోయినట్టు తేలింది. మొత్తం మీద 1980 నుంచి 2018 దాకా లెక్క తీస్తే 85 మరణాలు. 2019లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ జనం కొనుక్కునే పెయింట్ రిమూవర్లలో దీన్ని ఆపేసింది, 2024లో చాలా వాడకాలనే ఆపేసి, మిగతావాటికి 2 పీపీఎం అని పెట్టింది. ఓషా 25కీ దీనికీ తేడా చూడండి. ఐరోపాలో పెయింట్ రిమూవర్లలో ఇంకా ముందే ఆపేశారు.

మరి ఇంత గొడవ ఉన్నా మనవాళ్ళు ఎందుకు వదలరు అంటే, నిజం చెప్పాలంటే సాల్వెంట్‌గా ఇది బంగారం. దాదాపు అన్నిటినీ కరిగిస్తుంది, నీళ్ళ కిందికి దిగి శుభ్రంగా విడిపోతుంది, తక్కువ వేడికే ఎగిరిపోతుంది కాబట్టి సున్నితమైన మాలిక్యూల్ చెడిపోదు, ధరా తక్కువే. డీకాఫ్ కాఫీ గింజల్లోంచి కెఫీన్ తీయడానికి కూడా వాడతారు, మిగిలేది 10 పీపీఎం దాటకూడదని ఎఫ్‌డీఏ రూలు. మందుల్లో మిగిలేదానికి ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు ఖరారు చేసే అంతర్జాతీయ సంస్థ) దీన్ని క్లాస్ 2లో పెట్టి 600 పీపీఎం దాకా అనుమతిస్తుంది. అదే క్లోరోఫాం అయితే 60, కార్బన్ టెట్రా అయితే 4. కాబట్టి కుటుంబంలో ఇదే మంచి పిల్లాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆ 600 మాత్రం మాత్ర మింగే పేషెంట్ కోసం పెట్టింది, రియాక్టర్ పక్కన నిలబడేవాడి కోసం కాదు.

కొత్త ప్రాసెస్‌లలో మేం ముందు ఎథైల్ ఎసిటేట్, 2-మిథైల్ టీహెచ్‌ఎఫ్, ఐసోప్రొపైల్ ఎసిటేట్ చూస్తాం, అవి అయ్యేవి కావు అనుకుంటేనే ఎండీసీ. కానీ అవి మండేవి, నైట్రోజన్ బ్లాంకెట్ (గాలి చేరకుండా పైన నింపే నైట్రోజన్), ఎర్తింగ్ అన్నీ పక్కాగా ఉండాలి. ఇప్పటికే ఫైల్ చేసిన ప్రొడక్ట్‌లో సాల్వెంట్ మార్చాలంటే రెగ్యులేటరీ పేపర్లన్నీ మళ్ళీ మార్చాలి, అందుకే మీ కంపెనీ రేపే మార్చేస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

ఇంకొకటి, ఇది మాత్రం తప్పకుండా చదవండి. మీ బ్లాక్‌లో సార్టన్‌లు (బీపీ మందులు) ఏవైనా చేస్తుంటే, అంటే సోడియం అజైడ్‌తో టెట్రజోల్ కట్టే స్టెప్ ఉంటే, ఆ స్ట్రీమ్ దగ్గరికి ఎండీసీ రానివ్వకూడదు. అజైడ్, ఎండీసీ కలిస్తే డైఅజిడోమీథేన్ వస్తుంది, అది పేలుతుంది, హెచ్చరిక లేకుండా. రికవరీ ట్యాంకులో అన్ని ఎంఎల్‌లూ (మదర్ లిక్కర్లు, అంటే ప్రొడక్ట్ వేరుచేశాక మిగిలే ద్రవాలు) కలిపేసే అలవాటు ఉన్నచోట ఇది మరీ భయం. సోడియం, పొటాషియం లోహాలు, అల్యూమినియం పొడి కూడా అంతే. అమీన్‌లు వెంటనే ఏం చేయవు కానీ వాటిని ఎండీసీలో కలిపి డ్రమ్ములో రోజుల తరబడి వదిలేస్తే మెల్లగా రియాక్ట్ అవుతూ ఉంటాయి. బైకార్బోనేట్ వాష్ ఇచ్చేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఎండీసీ ఆవిరిని కూడా మోసుకొస్తుంది, అప్పుడు మ్యాన్‌హోల్ తెరిచి తొంగిచూడొద్దు.

విజయవాడ_సైన్‌బోర్డ్స్

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది అక్రిలిక్ బోర్డులు, ఎల్ఈడీ అక్షరాలు చేసే షాపు. ముక్కలు అతికించడానికి సిరంజిలో క్లోరోఫాం ఎక్కించి అంచు మీద పోస్తాం, రెండు క్షణాల్లో పట్టేస్తుంది. ఈమధ్య సప్లయర్ ఎండీసీ ఇచ్చాడు, ఇదీ బాగానే అతుకుతోంది, ఇంకా తొందరగా ఆరిపోతోంది. షాపు ఏసీ గది, షట్టర్ సగం దించి పనిచేస్తాం. కుర్రాళ్ళు సాయంత్రానికి తల పట్టుకుంటున్నారు. రెండిట్లో ఏది మంచిది?

ఓహెచ్‌సీ_డాక్టర్

ఏసీ అనేది గది గాలిని చల్లబరుస్తుంది, మార్చదు. రెండిట్లో ఏదైనా ఆ గదిలో వద్దు. క్లోరోఫాం లివర్‌ని దెబ్బతీస్తుంది, పైగా గాలి, వెలుతురు తగిలితే నిల్వలోనే ఫాస్జీన్ పుడుతుంది, అందుకే కొంచెం ఆల్కహాల్ కలిపి ముదురు రంగు సీసాల్లో అమ్ముతారు. మీవాళ్ళు దాన్ని తెల్లటి వాటర్ బాటిల్‌లో పోసి బల్ల మీద పెట్టుకుంటారని నాకు బాగా తెలుసు, ఎవరైనా నీళ్ళనుకుని తాగే ప్రమాదం కూడా ఉంది. అతికించే బల్లని వెనక గుమ్మం దగ్గరికి మార్చి, బల్ల ఎత్తులో గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. పైకప్పు దగ్గర పెడితే లాభం లేదు, ఆవిరి కిందే ఉంటుంది.

బీ_షిఫ్ట్_కెమిస్ట్

అందరికీ చాలా థ్యాంక్స్. కార్ట్రిడ్జ్ తీసి చూశా, ఏ1 అనే ఉంది. సేఫ్టీ ఆఫీసర్‌ని ఎయిర్‌లైన్ మాస్క్ అడిగితే "ఇండెంట్ పెట్టు, చూద్దాం" అన్నారు. వేపర్ రిటర్న్ గురించి మెయింటెనెన్స్ వాళ్ళతో మాట్లాడా, పాత ఫ్లెక్సిబుల్ హోస్‌లు ఉన్నాయట, ట్రై చేద్దామన్నారు. అజైడ్ స్టెప్ మా బ్లాక్‌లో లేదు కానీ పక్క బ్లాక్‌లో ఉంది, రికవరీ ట్యాంక్ మాత్రం రెండిటికీ ఒకటే!! ఇది ఎవరికి చెప్పాలి? రేపు సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి ద్రవాన్ని వేరుచేసే మెషిన్) అన్‌లోడింగ్ కూడా నాకే వేశారు, తడి కేక్ (లోపల మిగిలే గట్టి పదార్థం) పారతో తీయాలి.

పరవాడ_ప్రాసెస్

ట్యాంక్ సంగతి ఇవాళే, ఇప్పుడే, నోటిమాటగా కాకుండా మెయిల్ పెట్టు. ప్రొడక్షన్ హెడ్, సేఫ్టీ, క్యూఏ (నాణ్యత చూసే విభాగం) ముగ్గురికీ. క్యూఏని కలిపితే ఎవరూ తొక్కిపెట్టలేరు, ఎందుకంటే రెండు ప్రొడక్ట్‌ల సాల్వెంట్ ఒకే ట్యాంక్‌లో కలవడం క్రాస్ కంటామినేషన్ కిందికి వస్తుంది, ఆడిట్‌లో దొరికితే అబ్జర్వేషన్ వాళ్ళకే. ట్యాంక్‌లో అజైడ్ టెస్ట్ చేసి లేదని తేలేదాకా డిస్టిలేషన్ స్టార్ట్ చేయొద్దని రాయి.

సెంట్రిఫ్యూజ్‌కి ముందు నైట్రోజన్ పెట్టి కేక్‌ని బాగా స్పిన్ డ్రై అవనివ్వు, మూత తీసిన వెంటనే తల పెట్టకు, ఎగ్జాస్ట్ నడుస్తోందో లేదో ఒక టిష్యూ పేపర్ పట్టి చూడు. అయితే ఒకటి, లోపల నైట్రోజన్ ఉందంటే ఆక్సిజన్ లేదనే, కాబట్టి ఏఎక్స్ కార్ట్రిడ్జ్ పెట్టుకున్నా బాస్కెట్‌లోకి వంగకూడదు, ఎయిర్‌లైన్ వచ్చేదాకా పొడుగు పిడి పారతో బయటినుంచే తీయాలి. ఇంకొకడిని పక్కన నిలబెట్టుకో. నువ్వు పడిపోతే వాడు లోపలికి దూకకుండా అలారం కొట్టాలని ముందే చెప్పి ఉంచు. ఆ మెయిల్ కాపీ నీ దగ్గర కూడా పెట్టుకో. అజైడ్ టెస్ట్ రిపోర్ట్ వచ్చాక ఇక్కడ రాయి.